ఇంటి మాటలోనే ఉంది ‘ఇఫ్’ పాఠం

‘వాన పడితే చేను పండుతుంది.’

‘వాన పడి ఉంటే చేను పండేది.’

ఈ రెండు మాటలకూ తేడా ఏమిటో పలక పట్టని రైతును అడిగినా చెబుతాడు. మొదటి మాట అన్నవాడు ఇంకా మబ్బుల కేసి చూస్తున్నాడు. రెండో మాట అన్నవాడు ఎండిన చేను గట్టున కూర్చున్నాడు. మొదటి దాంట్లో ఆశ ఉంది. రెండో దాంట్లో మిగిలింది నిట్టూర్పు. ఈ తేడా తెలియడానికి ఆ రైతుకు వ్యాకరణం పుస్తకం అక్కర్లేదు.

అదే రైతు కొడుకు పదో తరగతిలో ఈ రెండు మాటల్నీ ఇంగ్లీషులో రాయాల్సి వస్తే కలం ఆగిపోతుంది. ‘విల్’ పెట్టాలా, ‘వుడ్’ పెట్టాలా? ‘రెయిన్స్’ అనాలా, ‘హ్యాడ్ రెయిన్డ్’ అనాలా? తండ్రి నాలుక మీద ఆడే తేడా కొడుకు కలంలోకి దిగదు. పదో తరగతి గట్టెక్కినా, డిగ్రీ చేతికొచ్చినా, బ్యాంకు ఉద్యోగాల పరీక్షకు కూర్చున్నా ఈ ‘ఇఫ్’ వాక్యాల బెడద చాలామందిని వదలడం లేదు. తప్పు ఉన్న భాగాన్ని గుర్తించమనే ప్రశ్నల్లో ఇది తరచూ ఎదురయ్యేదే.

విచిత్రమేమిటంటే ఈ పాఠం ఆ కుర్రాడికి కొత్తది కాదు. ఇంట్లో రోజూ వాడుతున్నదే. బడిలో కూడా ఒకసారి చదివిందే. కాకపోతే వేరే పిరియడ్‌లో!

గది ఒకటే.. పాఠాలు రెండు

తెలుగు మాస్టారు అసమాపక క్రియలు చెప్పేటప్పుడు నల్లబల్ల మీద ‘చేదర్థకం’ అని రాస్తారు. ‘చేత్’ అంటే సంస్కృతంలో ‘అయితే’ అని అర్థం. ఒక పని జరగడానికి ఇంకో పని షరతు అయినప్పుడు క్రియకు ‘తే’ చేరుతుంది. చదివితే పాసవుతావు, నాటితే మొలుస్తుంది అన్నవి ఇలాంటివే. ‘నోరు మంచిదైతే ఊరు మంచిది’ అన్న సామెతలో ఉన్నదీ ఈ ‘తే’యే. ఆఫీసు గోడల మీద కనిపించే ‘గడువులోగా చెల్లించని యెడల తగు చర్య తీసుకొనబడును’ అన్న నోటీసు కూడా ఈ కోవలోదే. ‘తే’ బదులు ‘యెడల’ అని పెద్దరికం తగిలించుకుంది.

గంట కొడతారు. తెలుగు మాస్టారు వెళ్తారు, ఇంగ్లీషు మాస్టారు వస్తారు. అదే గది, అవే బెంచీలు, అదే నల్లబల్ల. దాని మీద ఇప్పుడు ‘కండిషనల్ సెంటెన్సెస్’ అన్న మాట పడుతుంది. విషయం పాతదే. అయినా తెలుగు మాస్టారు చెప్పిందీ ఇదీ ఒకటేనని పిల్లలకు చెప్పేవారు తక్కువ. సున్నా రకం, ఒకటో రకం, రెండో రకం, మూడో రకం అని నాలుగు సూత్రాలు వేస్తారు. పిల్లలు వాటిని ఎక్కాల్లా వల్లె వేస్తారు. పరీక్ష దాటగానే ఏది ఏ రకమో కలిసిపోతుంది.

సూత్రాలు తప్పేం కాదు. 1930వ దశకంలో పుట్టి నేటికీ పుస్తకాల షాపుల్లో కనిపించే రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం తిరగేసినా వివరాలన్నీ దొరుకుతాయి. కానీ సూత్రం గుర్తుండాలంటే దాన్ని తగిలించడానికి ఒక కొయ్య కావాలి. ఆ కొయ్య తెలుగు పిల్లలకు ఇంటి మాటలోనే ఉంది.

‘ఇఫ్’ పక్కన ‘విల్’కు చోటు లేదు

మొదట దొర్లే తప్పు ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’. పడబోయేది రేపటి వాన కాబట్టి ‘విల్’ ఉండి తీరాలని పిల్లల నమ్మకం. అయితే ‘వాన పడితే’ అన్న తెలుగు ముక్కను ఒక్కసారి విడదీసి చూడండి. అందులో నిన్న ఉందా? రేపు ఉందా? ఏదీ లేదు. కాలం సంగతి చెప్పే బాధ్యత అంతా చివర ఉన్న ‘పండుతుంది’దే. ‘పడితే’కు కాలంతో పని లేదు.

ఇంగ్లీషులోనూ రేపటి బరువును మోసేది రెండో సగమే. ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, ది క్రాప్ విల్ గ్రో.’ ‘పడితే’లో ‘తుంది’ లేనట్టే ‘ఇఫ్’ పక్కన ‘విల్’ ఉండదు. ‘మీరు కాస్త ఆగితే’ అని మర్యాదగా కోరేటప్పుడు ఎక్కడైనా ‘ఇఫ్ యు విల్ వెయిట్’ అనడం ఉంది. అది వేరే సంగతి. మామూలు షరతుకు ఈ ఒక్క పోలిక పట్టుకుంటే సగం తప్పులు పోతాయి.

రూపం పాతది.. సంగతి ఇప్పటిది

రెండో చిక్కు కాస్త లోతైనది. ‘డబ్బుంటే పొలం కొంటాను’ అన్నవాడికి సంక్రాంతి నాటికి పంట డబ్బు చేతికి రావచ్చు. ‘డబ్బుంటే పొలం కొనేవాణ్ణి’ అన్నవాడి జేబు ఖాళీ. ఆ సంగతి అతను నోరు విప్పి చెప్పనక్కర్లేదు. ‘కొనేవాణ్ణి’ అన్న మాటే చెప్పేస్తుంది.

ఈ ‘కొనేవాణ్ణి’ ఎక్కడి రూపం? ‘చిన్నప్పుడు రోజూ చెరువులో ఈదేవాణ్ణి’ అంటామే, ఆ రూపమే. ఒకప్పటి అలవాటు చెప్పే క్రియను తెచ్చి, ఇప్పుడు జరగని పనికి తెలుగువాడు తరతరాలుగా వాడుకుంటున్నాడు. ఇంగ్లీషువాడూ అదే పని చేశాడు. ఆ భాషలో ‘వుడ్’ రెండు చోట్లా పనికొస్తుంది. చిన్నప్పటి ఈత గురించి చెప్పడానికి ‘వుడ్ స్విమ్’ అంటారు. కొనలేని పొలం గురించి చెప్పడానికి ‘వుడ్ బై’ అంటారు.

‘ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ బై ల్యాండ్.’ ఇక్కడ పిల్లలకు ఒక సందేహం వస్తుంది. డబ్బు లేనిది ఇప్పుడు కదా, గతం చెప్పే ‘హ్యాడ్’ ఎందుకు? సందేహం న్యాయమైనదే. ఇక్కడ ‘హ్యాడ్’ నిన్నటి సంగతి చెప్పడం లేదు. ఈ మాట నిజానికి దూరంగా ఉందని చెబుతోంది. కాలంలో వెనక్కి జరిపినట్టు నిజం నుంచి ఒక అడుగు వెనక్కి జరిపారు. ‘ఐ’ పక్కన ఎన్నడూ లేని ‘వర్’ వచ్చి ‘ఇఫ్ ఐ వర్ ది కలెక్టర్’ అనడం కూడా ఇందుకే. నేను కలెక్టర్ని కాను, ఊరికే అనుకుంటున్నాను అని ఆ ‘వర్’ ముందే చెప్పేస్తుంది.

ఇంటర్వ్యూలో ‘మీరే కలెక్టరైతే ఏం చేస్తారు?’ అని అడిగితే ‘ఐ విల్’ అంటూ మొదలుపెట్టేవారు చాలామంది. నియామకం ఉత్తర్వు జేబులో పెట్టుకుని వచ్చినట్టు ఉంటుంది ఆ జవాబు. ‘ఐ వుడ్’ అంటే ఊహ ఊహగానే ఉంటుంది.

మాత్ర వేసుకుంటే.. వేసుకుని ఉంటే

ఇదంతా మార్కుల గొడవేనని కొట్టిపారేయడానికి లేదు. ఆస్పత్రి వరండాలో నిలబడ్డవారికి లోపలి నుంచి ‘ఈ మాత్ర వేసుకుంటే బతుకుతాడు’ అన్న మాట వినబడితే మందుల షాపుకు పరుగెడతారు. ‘ఆ మాత్ర వేసుకుని ఉంటే బతికేవాడు’ అని వినబడితే ఏడుపులు మొదలవుతాయి. మనిషి ఉన్నాడా, పోయాడా అన్నది ‘బతుకుతాడు’, ‘బతికేవాడు’ మధ్య తేలిపోయింది.

ఇంగ్లీషులో మొదటిది ‘ఇఫ్ హి టేక్స్ ది టాబ్లెట్, హి విల్ లివ్’. రెండోది ‘ఇఫ్ హి హ్యాడ్ టేకెన్ ది టాబ్లెట్, హి వుడ్ హ్యావ్ లివ్డ్’. ఒకదాని బదులు ఇంకొకటి రాస్తే అర్థం ఎంత తలకిందులవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. విదేశాల్లో నర్సుగా పనిచేస్తూ డ్యూటీ పుస్తకంలో రాసే అమ్మాయికి, ప్రమాదం మీద కంపెనీకి సంజాయిషీ రాసుకునే డ్రైవరుకు, బీమా కోసం అర్జీ పెట్టుకునే కుటుంబానికి ఈ వాక్యంతో అవసరం పడుతుంది. ‘బ్రేకు పడితే ప్రమాదం తప్పుతుంది’ అన్నది జాగ్రత్త చెప్పే మాట. ‘బ్రేకు పడి ఉంటే ప్రమాదం తప్పేది’ అన్నది జరిగినదానికి కారణం చెప్పే మాట. తప్పెవరిదన్న లెక్క అక్కడే తేలుతుంది.

మూడో రకమని పిల్లలు భయపడే ఈ వాక్యం తెలుగుకు బాగా దగ్గర. ‘వేసుకుని’ ఉన్నచోట ‘టేకెన్’ పెట్టాలి. ‘ఉంటే’ ఉన్నచోట ‘ఇఫ్’, ‘హ్యాడ్’ పెట్టాలి. ‘బతికేవాడు’ ఉన్నచోట ‘వుడ్ హ్యావ్ లివ్డ్’ పెట్టాలి. మాటల వరుస మారుతుందే గాని సరంజామా ఒకటే.

తెలుగు చేయి వదిలే చోటు

అయితే తెలుగు అన్నిచోట్లా దారి చూపుతుందని అనుకోరాదు. ‘డబ్బుంటే కొనేవాణ్ణి’ అన్న మాట ఈ రోజు సంగతి కావచ్చు, పోయినేడు సంగతీ కావచ్చు. సందర్భాన్ని బట్టి మనం గ్రహిస్తాం. ఇంగ్లీషు అలా ఊరుకోదు. ఈ రోజుదైతే ‘హ్యాడ్, వుడ్ బై’. పోయినేటిదైతే ‘హ్యాడ్ హ్యాడ్, వుడ్ హ్యావ్ బాట్’. కాబట్టి ఇంగ్లీషులో ఈ వాక్యం మొదలుపెట్టే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇంకా ఆశ ఉందా? లేకపోతే, ఇది ఇప్పటి సంగతా, అయిపోయిన సంగతా? ఈ రెంటికీ జవాబు దొరికితే ఏ రూపం వాడాలో తెలిసిపోతుంది.

తెలుగు అలవాటే దారి తప్పించే చోట్లూ ఉన్నాయి. మనం ‘ఒకవేళ వస్తే’ అంటాం. ‘ఒకవేళ’, ‘తే’ రెండూ కలిసే ఉంటాయి. దాంతో ఇంగ్లీషులోనూ రెండు ముక్కలు కావాలనిపించి ‘ఇఫ్ సపోజ్’ అనడం వాడుకైపోయింది. నిజానికి ఆ రెంటిలో ఒకటి చాలు. ‘చదవకపోతే’ అన్నదానికి ‘అన్‌లెస్’ వాడి, పక్కన మళ్లీ ‘నాట్’ చేర్చడం ఇంకో పొరపాటు. ‘అన్‌లెస్’లోనే ఆ ‘కపోతే’ ఉంది. ‘నాట్’ కూడా కలిస్తే ‘చదివితే ఫెయిలవుతావు’ అన్న అర్థం వచ్చి కూర్చుంటుంది.

చెవికి వచ్చే చిక్కు ఒకటుంది. మాటల్లో ‘ఐ హ్యాడ్’, ‘ఐ వుడ్’ రెండూ కుదించుకుపోయి ‘ఐడ్’ అనే వినిపిస్తాయి. ఒకే వాక్యంలో రెండుసార్లు ‘ఐడ్’ వస్తే విన్నవాడు రెండు చోట్లా ‘వుడ్’ అనుకుంటాడు. దాంతో ‘ఇఫ్ ఐ వుడ్ హ్యావ్ నోన్’ అని రాస్తాడు. పరీక్షలో అది తప్పే. ఇక ఉత్తరాల్లో ‘ఇఫ్’ మాయమై ‘హ్యాడ్ ఐ నోన్’ అని మొదలైతే దాన్ని ప్రశ్న అనుకునేవారున్నారు. అది ప్రశ్న కాదు. ‘తెలిసి ఉంటే’ అన్న మాటకే అదొక దర్జా వేషం.

దొరలు నేర్చుకున్న పద్ధతి

సొంత భాషను ఆనుకుని పరాయి భాష నేర్చుకోవడం కొత్త విద్య ఏమీ కాదు. కడపలో, మచిలీపట్నంలో, రాజమండ్రిలో కొలువు చేసిన సి.పి. బ్రౌన్ తెలుగు వ్యాకరణాన్ని 1840లో ఇంగ్లీషులో రాసి అచ్చు వేయించారు. తెలుగు నేర్చుకునే దొరలకు వారి భాషలోనే తెలుగు కిటుకులు చెప్పారు. దొరలకు పనికొచ్చిన ఆ పద్ధతి మన పిల్లలకు ఎందుకు పనికిరాదు?

ఇంగ్లీషు అవసరం ఇప్పుడు మరింత పెరిగింది. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉండే పాఠ్య పుస్తకాలు పిల్లల చేతికి ఇచ్చారు. సామాన్య శాస్త్రానికి, గణితానికి అక్కరకొచ్చిన ఈ ఎదురెదురు పేజీల ఉపాయం ఇంగ్లీషు వ్యాకరణానికీ పనికొస్తుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈ పాఠంలో పిల్లలు ఇంట ఎప్పుడో గెలిచారు. ఆ సంగతి వాళ్లకు చెప్పేవారే కావాలి.

దీనికి ప్రత్యేక శిక్షణ, ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. తెలుగు మాస్టారు, ఇంగ్లీషు మాస్టారు స్టాఫ్ రూములో పది నిమిషాలు కూర్చుని మాట్లాడుకుంటే చాలు. ‘వాన పడితే’, ‘వాన పడి ఉంటే’ అని నల్లబల్ల మీద రెండు ముక్కలు రాసి, ‘ఎవరి చేను ఎండింది?’ అని అడిగితే వెనక బెంచీలోనూ చేతులు లేస్తాయి. అక్కడి నుంచి ఇంగ్లీషులోకి తీసుకెళ్లడం తేలిక.

ఆ ప్రశ్న ఎప్పుడో అడిగి ఉంటే ఎంతోమందికి ఈ బెడద తప్పేది. ఇప్పుడు అడిగితే, బెంచీల మీద ఉన్న పిల్లలకైనా తప్పుతుంది.