పనిచేసే చోటు, దాచే చోటు

కంప్యూటర్ పాఠాలు చాలావరకు మానిటర్, కీబోర్డు, మౌస్‌లతో మొదలవుతాయి. కంటికి కనిపించేవి కాబట్టి నేర్పడం తేలికే గానీ, వాటి పేర్లు తెలియక ఎవరూ నష్టపోరు. గంటసేపు టైపు చేసిన దరఖాస్తు కరెంటు పోగానే మాయమవుతుంది. డిస్కులో బోలెడంత ఖాళీ ఉన్నా మెషీన్ నత్తనడక నడుస్తుంది. కొత్తవాళ్లను ఏడిపించేవి ఇలాంటివే. రెండింటి వెనకా ఉన్న తికమక ఒక్కటే: ర్యామ్‌కూ స్టోరేజీకీ తేడా తెలియకపోవడం. నేర్పితే ముందు అది నేర్పాలి.

తికమకకు షాపు బోర్డు కూడా కొంత కారణం. '8 జీబీ, 512 జీబీ' అని రెండు అంకెలు పక్కపక్కనే, ఒకే కొలతలో రాసి ఉంటాయి. మొదటిది ర్యామ్, అంటే పనిచేసే చోటు. అందులో ఒక్కో బిట్, అంటే ఒక్కో సున్నా లేదా ఒకటి, అతిచిన్న కెపాసిటర్‌లో విద్యుదావేశంగా నిలుస్తుంది. ఆ ఆవేశం కారిపోతూనే ఉంటుంది కాబట్టి సెకనుకు ఎన్నోసార్లు తిరిగి నింపాలి. ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ 1968లో పేటెంటు పొందిన పద్ధతి ఇది, నేటికీ మూలం అదే. కరెంటు ఆగితే నింపేవాళ్లుండరు, రాసినదంతా పోతుంది. రెండో అంకె దాచే చోటుది, అంటే స్టోరేజీగా వాడే ఎస్‌ఎస్‌డీ డిస్కుది. అక్కడ ఆవేశం చుట్టూ విద్యుత్తును పోనివ్వని పొర ఉంటుంది, అందుకే స్విచ్ తీసేసినా రాసింది నిలుస్తుంది. అయితే ఆదేశాలు అమలు చేసే ప్రాసెసర్ నేరుగా అక్కడి నుంచి పనిచేయలేదు, ఏదైనా ముందు ర్యామ్‌లోకి రావాలి. ఫైల్ 'ఓపెన్' చేయడమంటే స్టోరేజీ నుంచి ర్యామ్‌కు తేవడం. 'సేవ్' అంటే తిరిగి స్టోరేజీలో రాయడం. ఆన్ చేయగానే జరిగే 'బూటింగ్' అంటే విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌ను అలాగే ర్యామ్‌లోకి ఎక్కించడం. ర్యామ్ చాలకపోతే కంప్యూటర్ కొంత సరుకును డిస్కుకు తరలిస్తూ, మళ్లీ తెచ్చుకుంటూ ఉంటుంది. నత్తనడక అక్కడే మొదలవుతుంది. అప్పుడు కూర్చుని పెళ్లి ఫొటోలు చెరిపేసినా పెద్దగా ఫలితం ఉండదు. డిస్కు పూర్తిగా నిండిపోయి ఉంటే సంగతి వేరు.

ఇప్పుడు అన్నీ వాటంతటవే సేవ్ అవుతున్నాయి, ఇదంతా ఎందుకు అనవచ్చు. ఆటోసేవ్ అంటే మన బదులు ప్రోగ్రామే సేవ్ చేయడం. ఆ ఏర్పాటు ప్రతిచోటా ఉండదు. బ్రౌజర్‌లో సగం నింపిన ఫారం సెషన్ ముగిసి గల్లంతు కావడం ఇప్పటికీ మామూలే. క్లౌడ్ కూడా ఆకాశంలో లేదు, వేరే సంస్థ డేటా సెంటర్లోని స్టోరేజీయే. వేగమంతా ప్రాసెసర్‌దే అనేవాళ్లూ ఉన్నారు. వీడియో ఎడిటింగ్‌కు ఆ మాట సబబే. ఉత్తరాలు, లెక్కలు, డజను ట్యాబులు తెరిచిన బ్రౌజర్ వరకే పనైతే మొదట ఇరుకు తెచ్చేది సాధారణంగా ర్యామే.

జీబీ సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఎనిమిది బిట్లు ఒక బైట్, జీబీ (గిగాబైట్) కొలిచేది బైట్లనే. యూనికోడ్ తెలుగుకు ఇప్పుడు ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి. 'తెలుగు' అన్న మాటలో మూడు అక్షరాలు, మూడు గుర్తులు కలిసి 18 బైట్లు. ఖాళీ వదలకుండా లక్షసార్లు రాసినా 18 లక్షల బైట్లే, ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో అంతకు మించడం మామూలే. డిస్కులు నింపేది రాత కాదు, ఫొటోలూ వీడియోలూ. అన్నట్టు, 512 జీబీ డిస్కు విండోస్‌లో 476గా కనిపిస్తే షాపువాడితో తగువు వద్దు. తయారీదారు వెయ్యేసి చొప్పున లెక్కిస్తాడు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది.

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో మెమొరీ, డిస్క్ వేర్వేరుగా కనిపిస్తాయి, దేనిమీద ఒత్తిడి ఎక్కువుందో చూడవచ్చు. కొనేటప్పుడు డబ్బు రెండింటికీ చాలకపోతే చిన్న ఎస్‌ఎస్‌డీతో సర్దుకుని ర్యామ్ ఎక్కువ తీసుకోవడం మేలు. స్టోరేజీ చాలకపోతే బయటి డిస్కు తగిలించుకోవచ్చు. చాలా పలచని లాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు, తర్వాత పెంచుకునే వీలుండదు.