‘లేదు’ అనుటలో నాలుగు తెరగులు

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవు బాటలో పొలమెక్కడ ముగియునో, అడవి యెక్కడ మొదలగునో చెప్పుట సులభము కాదు. ప్రత్తిచేను నడుమ ఇప్పచెట్టు నిలిచియుండును. టేకు, తునికి పెరుగు గుట్ట ప్రక్కనే జామాయిలు తోట బారులు తీరియుండును. నిన్నటి పోడు నేడు పొదలు క్రమ్మిన బీడుగా కనిపించును. ఇట్టి నేలను చూచి ‘ఇది అడవి, ఇది కాదు’ అని గీత గీయుట దగ్గర నిలిచినవారికే కష్టము. ఆ పనిని ఆకాశము నుండి చూచి యంత్రము చేయబూనినచో ఏమగును? ఈ ప్రశ్నలో తర్కశాస్త్రపు మూలవిషయ మొకటి ఇమిడియున్నది. కొన్ని కుటుంబముల జీవనమును ఇమిడియున్నది.

వ్యతిరేకపదములు బడిలో పిల్లలు నేర్చు తొలి పాఠములలోనివి. వెలుగు–చీకటి, వేడి–చల్లదనము, ఉన్నది–లేదు. కాని ఈ జంటలన్నియు ఒక్క జాతివి కావు. వేడికిని చల్లదనమునకును నడుమ గోరువెచ్చదన మున్నది. ‘ఉన్నది, లేదు’ అను వానికి అట్టి నడిమి మెట్టు లేదని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిలు వాదించెను. 1854లో జార్జి బూలు అను ఆంగ్ల గణితవేత్త మానవుని ఆలోచనా నియమములను 1, 0 అను రెండంకెలతో లెక్కకట్టు విధమును గ్రంథరూపమున వెలువరించెను. 1937లో క్లాడ్ షానన్ అను అమెరికను విద్యార్థి ఆ బీజగణితము విద్యుత్తు స్విచ్చులకు చక్కగా అమరునని తన సిద్ధాంతవ్యాసములో చూపెను. స్విచ్చి వేసిన 1, తీసిన 0. నేటి కంప్యూటర్లు ఈ పునాదిమీద లేచినవే.

కృత్రిమ మేధయు ఆ పునాదిమీదనే నిలిచియున్నను, దాని నడక కొంత వేరు. ఉపగ్రహము తీసిన చిత్రము చిన్న చిన్న గళ్ళుగా ఉండును. ఐరోపావారి సెంటినెల్-2 చిత్రములో ఒక్కొక్క గడి 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల నేలను చూపును. ఎకరమునకు సుమారు 40 గళ్ళు వచ్చును. పచ్చని ఆకు ఎఱ్ఱని కాంతిని పీల్చుకొని, మన కంటికి కనబడని పరారుణకాంతిని త్రిప్పికొట్టును. ఈ తేడాను ఆధారముగా గొని, మనుష్యులు ముందుగా గుర్తులు పెట్టి చూపిన వేలకొలది గళ్ళ నుండి యంత్రము పాఠము నేర్చును. పిమ్మట క్రొత్త గడి చూపినపుడు అది ‘అవును, కాదు’ అని చెప్పదు. సున్నకును ఒకటికిని నడుమ ఒక భిన్నమును చెప్పును. 0.9 అనిన అడవియే యని గట్టి నమ్మకము. 0.1 అనిన కాదని నమ్మకము. మరి 0.52 వచ్చినచో? అచ్చట మనిషి ఒక హద్దు పెట్టును. 0.5 దాటినది అడవి, దాటనిది కాదు. గోరువెచ్చని సందేహము పటము మీది కెక్కునప్పటికి నిశ్చయముగా మారిపోవును. పటము చూచువానికి రంగు మాత్రమే కనబడును. ఆ సందేహము కనబడదు.

ఇది మొదటి చిక్కు. రెండవది ఇంతకంటె లోతైనది. యంత్రమునకు ‘కాదు’ అనునది ఒక్కటే. మన తార్కికులకు అది ఒక్కటి కాదు.

17వ శతాబ్దమున అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము న్యాయశాస్త్రము చదువువారికి నేటికిని తొలివాచకము. ఆయన తెలుగువాడని ప్రసిద్ధి. ఆ గ్రంథము లోకములోని పదార్థములను ఏడుగా విభజించి, ఏడవదానికి అభావమని పేరు పెట్టినది. లేకపోవుటయు ఒక పదార్థమే యన్నమాట. అది నాలుగు విధములు. కుండ చేయుటకు ముందు మట్టిలో కుండ లేకుండుట ప్రాగభావము. కుండ పగిలిన పిమ్మట లేకుండుట ప్రధ్వంసాభావము. గాలికి ఏ కాలమునను రంగు లేకుండుట అత్యంతాభావము. కుండ వస్త్రము కాకుండుట అన్యోన్యాభావము. మొదటిదానికి ముగింపు కలదు. రెండవదానికి ఆరంభము కలదు. మూడవదానికి ఆ రెండును లేవు. నాల్గవది లేమిని గాక, ఒకటి మరియొకటి కాదనుటను తెలుపును.

ఈ నాలుగింటిని భద్రాచలపు అడవి అంచునకు తెచ్చి చూడవచ్చును. పోడు విడిచిన బీడులో మోళ్ళు చిగురించుటకు సిద్ధముగా నుండును. అచ్చటి ‘అడవి లేదు’ అనునది ప్రాగభావము. నిన్న గొడ్డలి పడిన చోట అది ప్రధ్వంసాభావము. గోదావరి నడుమ రాతిబండమీద అత్యంతాభావము. మామిడితోటలో చెట్లున్నవి, నీడ యున్నది, అయినను అది అడవి కాదు, ఇది అన్యోన్యాభావము. ఒకనాటి ఒక్క చిత్రమును చూచు యంత్రము మొదటి మూడింటికిని ఒక్క సున్నయే వేయును. నాల్గవదానిని ఒకటిగా పొరబడుటకును అవకాశమున్నది.

మనుష్యుల లెక్కలలోను ఈ చిక్కు కలదు. భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఒక హెక్టారునకు మించి, నూటికి పదిపాళ్ళకు పైగా చెట్ల నీడ గల నేలనంతయు అటవీ ఆచ్ఛాదనముగా లెక్కించును. అది ఎవరి సొత్తైనను, ఏ జాతి చెట్లున్నను సరియే. కాగితపు మిల్లు గల సారపాక పరిసరముల రైతులు పెంచు జామాయిలు, సుబాబులు తోటలు ఆ నిర్వచనములో ఇముడును. మరొకవైపు, రిజర్వు ఫారెస్టులో ఒక్క చెట్టును లేని చదునైన నేల చట్టము దృష్టిలో అడవియే. ఒకే నేల ఒక పుస్తకమున ‘అవును’, మరొక పుస్తకమున ‘కాదు’.

ఈ మాటల తేడాపై బ్రదుకులు ఆధారపడియున్నవి. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ప్రకారము, 2005 డిసెంబరు 13కు ముందునుండి సాగులోనున్న అటవీభూమిపై గిరిజనులు హక్కు కోరవచ్చును. 2023 జూన్ 30న తెలంగాణ ప్రభుత్వము పోడు పట్టాల పంపిణీ ఆరంభించి, లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరములకు పైగా హక్కు కల్పించుచున్నట్లు ప్రకటించినది. దానికి కొలది మాసముల ముందు, 2022 నవంబరు 22న, చండ్రుగొండ మండలమున పోడు తగవులో అటవీ రేంజి అధికారి యొకరు దాడికి గురియై ప్రాణము కోల్పోయెను. అడవిని కాపాడువాని ప్రాణమును, అడవిలో పండించువాని అన్నమును ఈ గీతతో ముడిపడియున్నవి. క్రొత్త నరకుడును వెంటనే పసిగట్టు యంత్రము అడవికి మేలే చేయును. పాత సాగును క్రొత్త నరకుడని అది పొరబడినచో ఒక కోయ కుటుంబమునకు నేల దక్కదు.

యంత్రమునకు ఈ భేదములు నేర్పరానివా? కొన్ని నేర్పవచ్చును. అమెరికావారి లాండ్‌శాట్ ఉపగ్రహములు 1972 నుండి భూమిని చిత్రించుచున్నవి. ఒకే గడిని ఏడాదివెంట ఏడాదిగా వరుసపెట్టి చూపినచో, రానున్న అడవికిని పోయిన అడవికిని గల తేడాను యంత్రము చాలవరకు గుర్తింపగలదు. కాలము తెలిసినగాని ‘లేదు’ అనుమాట అర్థము కాదని తార్కికులు చెప్పినదే ఇచ్చట అక్కరకు వచ్చుచున్నది. అయినను ఆ చేను ఎవరు దున్నిరి, ఏ యేట విడిచిరి, ఎందుకు మరల పట్టిరి అనునవి ఆకులు త్రిప్పికొట్టిన కాంతిలో లేవు.

నైయాయికులు జ్ఞానమునకు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములు చెప్పిరి. శబ్దమనగా ఎరిగిన నమ్మదగినవాని మాట. ఉపగ్రహ చిత్రము ప్రత్యక్షము వంటిది. దానినుండి యంత్రము తీయు ఫలితము అనుమానము. అటవీ హక్కుల నియమములు గ్రామమున పెద్దలు చెప్పి వ్రాయించిన వాఙ్మూలమును సాక్ష్యముగా అంగీకరించుచున్నవి. 2012లో సవరించిన నియమములు, ఉపగ్రహ చిత్రములు ఇతర సాక్ష్యములకు తోడు కావలెనే గాని వానికి మారుగా నిలువరాదని స్పష్టము చేసినవి. కనుక సున్న వేసిన గడిని చూచి అధికారి పటము మూయరాదు. ‘ఇది ఏ విధమైన లేదు?’ అని గ్రామసభలో అడుగవలెను. ఆ ప్రశ్నకు బదులు చెప్పగల ముసలివారు ఆ గూడెములలో ఇంకను ఉన్నారు. వారి మాట వ్రాసికొనవలసిన కాలమిది.