25 గ్రాములలో ఒక సూక్ష్మజీవి

1993వ సంవత్సరారంభమున అమెరికా పశ్చిమ రాష్ట్రములలో, ఒక భోజనశాలల శ్రేణి విక్రయించిన, లోపలి వరకు ఉడకని గొడ్డుమాంసపు హాంబర్గర్లను తిని 700 మందికి పైగా వ్యాధిగ్రస్తులైరి. నలుగురు పసివారు మరణించిరి. కారణము ఇ. కోలై జాతియందలి ఓ157:హెచ్7 అను తెగ. మన ప్రేగులలో నిరపాయముగా వసించు సూక్ష్మజీవులకు జ్ఞాతియే యయ్యును, ఇది స్రవించు షీగా విషము రక్తనాళములను గాయపరచి, మూత్రపిండములను సైతము చెరచును. మరుసటి యేట అమెరికా వ్యవసాయశాఖ, ఈ తెగ గల గొడ్డుమాంసపు కీమాను కల్తీ సరుకుగా పరిగణింతుమని ప్రకటించెను.

శాసనము వెలువడెను గాని, సూక్ష్మదర్శినిలో చూచినచో సాధువగు ఇ. కోలైకిని దీనికిని భేదమేమియు గోచరింపదు. దీనిని పట్టియిచ్చునది పైపొరయందలి చక్కెర గొలుసుల అమరిక. ఆ అమరికను గుర్తించి అంటుకొనునది ప్రతిరక్షకము. 1971లో స్టాక్‌హోమునందు ఏవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మన్ ప్రకటించిన ఎలీసా పద్ధతినుండి పెరిగిన నేటి పరీక్షలో, పళ్ళెపు గుంటల అడుగున అతికించిన ప్రతిరక్షకము సూక్ష్మజీవిని పట్టి నిలుపగా, తక్కినదంతయు కడిగివేసి, ఎంజైమును మోయు రెండవ ప్రతిరక్షకమును పోయుదురు. అదియు అంటుకొన్న గుంటలోనే రంగు పుట్టును.

ఇంతవరకు పని గంటలలో ముగియును. చిక్కంతయు అంతకు ముందున్నది. 25 గ్రాముల మాంసములో సూక్ష్మజీవి ఒక్కటే యుండవచ్చును. ఎలీసాకు కనబడవలెనన్న మిల్లీలీటరునకు సుమారు లక్ష యుండవలెను. కావున మాంసమును 225 మిల్లీలీటర్ల పోషకద్రవములో కలిపి వెచ్చగా ఉంచుదురు. ఇరువది నిమిషముల కొకసారి రెట్టింపగునని తలచినను, ఒక్కటి ఇరువదియైదు మారులు రెట్టించి మూడుకోట్లు దాటుటకు ఎనిమిది గంటలకు పైగా పట్టును. ఇది లెక్కలోని మాట. శీతలమున కుంగిన జీవి తేరుకొనుటకును, తక్కిన సూక్ష్మజీవుల పోటీకి తట్టుకొనుటకును మరికొంత కాలము కావలెను గనుక, ద్రవమును తరచుగా రాత్రియంతయు ఉంచుదురు. శీఘ్రపరీక్ష యని ప్రకటించు వర్తకులు ఈ రాత్రిని లెక్కలో చేర్పకుండుట కద్దు! ప్రతిరక్షకము పూసిన అయస్కాంతపు పూసలను ద్రవమున కలిపి, అంటుకొన్న జీవులను అయస్కాంతముతో ఒకచోటికి లాగు ఉపాయము నిరీక్షణను కొంత తగ్గించునే గాని తప్పింపదు.

మరియు, రంగు పుట్టుట అనుమానమే గాని నిర్ణయము కాదు. సిట్రోబాక్టరు జాతిలో కొన్నింటి గొలుసులు ఓ157 గొలుసులను పోలియుండుటచే ప్రతిరక్షకము వానికిని అంటుకొనును. వేడికి చచ్చిన జీవుల పెంకులకును అంటుకొనును. ఆ కారణముచే అనుమానింపబడిన సరుకును శీతలగిడ్డంగిలో నిలిపివేసి, ద్రవమునుండి సజీవమగు సూక్ష్మజీవిని పళ్ళెములపై పెంచి, విషమును పుట్టించు జన్యువు దానియందు కలదో లేదో పరీక్షించిన పిదపనే, ఆ మాంసమును విడుదల చేయుటయో నాశనము చేయుటయో జరుగును.