వ్యక్తిగత ప్రమాద బీమా

ప్రమాదంలో మరణించినా, అంగవైకల్యం కలిగినా ముందుగా ఒప్పుకున్న మొత్తాన్ని చెల్లించే పాలసీ ఇది. ఆసుపత్రి బిల్లు కట్టే ఆరోగ్య బీమా వేరు. సరదా ఫుట్‌బాల్ లీగుల్లో ఆడేవారికి ఈ తేడా తెలియాలి. మైదానంలో తరచూ దెబ్బతినేవి మోకాలి లిగమెంట్లు, చీలమండలు. ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో నడిచే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ప్రమాద మరణానికి 2 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి లక్ష ఇస్తుంది. తెగిన లిగమెంటు ఆపరేషన్‌కు పైసా ఇవ్వదు.

పటాన్‌చెరు, సంగారెడ్డి ఫ్యాక్టరీల్లో నెలకు 21,000 రూపాయలకు మించని జీతంతో పనిచేసే ఆటగాడికి అసలు అండ ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ). సెలవు రోజు సొంతంగా ఆడుతూ కాలు విరిగితే అది సాధారణంగా ఉద్యోగ గాయం కిందికి రాదు. అంటే ఉద్యోగ గాయానికి ఇచ్చే 90 శాతం వేతనం అందదు. చికిత్స మాత్రం దొరుకుతుంది, రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. తగినన్ని రోజుల చందా జమై ఉంటే ఏడాదిలో 91 రోజుల వరకు 70 శాతం వేతనం అస్వస్థత భృతిగా వస్తుంది. చందా ఎగవేసే కాంట్రాక్టరు దగ్గర ఈ హక్కు కాగితం మీదే మిగులుతుంది.

ప్రైవేటు పాలసీల్లో వృత్తి క్రీడలను మినహాయించడం మామూలే. జట్టంతటికీ బృంద పాలసీ తీసుకునే నిర్వాహకులు పోటీ మ్యాచ్‌లు, తాత్కాలిక వైకల్యానికి వారపు భృతి అందులో ఉన్నాయో లేదో సంతకానికి ముందే చూసుకోవాలి.