పొలంలో మెరిసే రాయి దొరికిందా? తొందరపడొద్దు.. అసలు వెండి నల్లరాయిలో దాక్కుంటుంది!

గద్వాల/వనపర్తి/నాగర్‌కర్నూల్: తొలకరి పడిందంటే చాలు, తుంగభద్రకు అవతల కర్నూలు జిల్లాలోని జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి పొలాల్లో వజ్రాల వేట మొదలవుతుంది. నదికి ఇవతల నడిగడ్డలోనూ దుక్కిలో తళుక్కుమనే రాయి కనిపిస్తే ఎవరైనా ఒక్క క్షణం ఆగాల్సిందే. 'ఇది వెండి రాయేమో' అన్న అనుమానం రావడం సహజం. అందులోనూ కిలో వెండి ధర లక్ష రూపాయలు దాటిపోయాక ఆ ఆశ ఇంకా పెరిగింది.

అయితే భూమిలో వెండి తెల్లగా మెరుస్తూ దొరకడం చాలా అరుదు. ఎక్కువ భాగం బూడిద రంగులోనో, నల్లగానో, ముదురు ఎరుపులోనో ఉండే ఖనిజాల్లో కలిసిపోయి ఉంటుంది. వాటిలో ఒక అరుదైన కుటుంబం పేరు 'సల్ఫోసాల్ట్'. ఆ కుటుంబంలో మన దేశంలోనే మొదటిసారి బయటపడిన ఖనిజం కూడా ఒకటుంది. అసలు ఇవేంటి? వీటిని ఎలా గుర్తిస్తారు? మన మూడు జిల్లాల రాళ్లకు, వీటికి సంబంధం ఏంటి? వివరంగా చూద్దాం.

పట్టీలు ఎందుకు నల్లబడతాయి?

ఇంట్లో వెండి పట్టీలు, కుంకుమ భరిణెలు కొన్నాళ్లకు నల్లబడటం అందరూ చూసేదే. అది మురికి కాదు. గాలిలో కొద్దిగా ఉండే గంధకపు వాయువులతో వెండి కలిసిపోయి సిల్వర్ సల్ఫైడ్ అనే నల్లటి పొర ఏర్పడుతుంది. వెండికి గంధకం అంటే అంత ఇష్టం.

భూమి లోపల జరిగేదీ ఇదే. కాకపోతే అక్కడ వేడి, ఒత్తిడి, కోట్ల ఏళ్ల సమయం తోడవుతాయి. లోతుల్లోంచి వేడి నీళ్లు రాతి పగుళ్లలో పైకి వస్తున్నప్పుడు లోహాలను తమలో కరిగించుకుని తెస్తాయి. చల్లబడుతున్న కొద్దీ అవి గంధకంతో కలిసి గట్టిపడతాయి. వెండి ఒక్కటే గంధకంతో కలిస్తే అకాంథైట్ అనే ఖనిజం వస్తుంది. అందులో వందకు 87 పాళ్లు వెండే. కానీ చాలాసార్లు ఆ కలయికలో యాంటిమొనీ, ఆర్సెనిక్ లాంటి మూడో సభ్యుడు కూడా చేరతాడు. అప్పుడే సల్ఫోసాల్ట్ పుడుతుంది.

సల్ఫోసాల్ట్ అంటే ఏంటి?

సింపుల్‌గా చెప్పాలంటే ఇది మూడు వర్గాల పొత్తు. మొదటి వర్గంలో వెండి, సీసం, రాగి లాంటి లోహాలు ఉంటాయి. రెండో వర్గంలో ఆర్సెనిక్, యాంటిమొనీ, బిస్మత్ ఉంటాయి. మూడోది గంధకం. ఈ మూడూ ఒకే స్ఫటికంలో ఒక లెక్క ప్రకారం అమరితే దాన్ని సల్ఫోసాల్ట్ అంటారు. పేరులో 'సాల్ట్' ఉంది కదా అని నీళ్లలో కరిగే ఉప్పు అనుకోవద్దు. ఇవి కరగవు.

ప్రపంచంలో ఇలాంటి ఖనిజాలు 200కు పైగానే ఉన్నాయి. వెండి ఎక్కువగా ఉండే వాటిలో ముఖ్యమైనవి ఇవి:

పైరార్గిరైట్: ముదురు ఎరుపు రంగు. వెండి వందకు దాదాపు 60 పాళ్లు. మిగతాది యాంటిమొనీ, గంధకం.

ప్రౌస్టైట్: దానిమ్మ గింజ లాంటి ఎరుపు. వెండి సుమారు 65 పాళ్లు. ఇందులో యాంటిమొనీ బదులు ఆర్సెనిక్ ఉంటుంది. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ ప్రౌస్ట్ పేరు దీనికి పెట్టారు.

స్టెఫనైట్: నల్లగా ఉంటుంది. వెండి సుమారు 68 పాళ్లు.

మియార్గిరైట్: ఇదీ నలుపే. వెండి 37 పాళ్ల దాకా ఉంటుంది.

మొదటి రెండింటినీ గని కార్మికులు 'రూబీ సిల్వర్' అనేవారు. కెంపులా కనిపిస్తాయి మరి. కానీ వెలుతురులో ఉంచితే పైన నల్లబడిపోతాయి. పాత కెమెరా ఫిల్ములో వాడిన వెండి పదార్థం వెలుగు తగిలి నల్లబడేది కదా, ఇక్కడా వెండికి ఉన్న అలాంటి గుణమే పనిచేస్తుంది. అందుకే మ్యూజియాల్లో వీటిని చీకటి డ్రాయర్లలో దాస్తారు.

మన దేశంలో పుట్టిన పేరు.. రేయైట్

రాజస్థాన్‌లోని రాజ్‌సమంద్ జిల్లాలో రాజ్‌పురా-దరీబా అనే గని ఉంది. సీసం, జింక్, వెండి అక్కడ దొరుకుతాయి. క్రీస్తు పూర్వమే తవ్వకాలు జరిగిన చోటు ఇది. ఆ ఖనిజం వయసు సుమారు 180 కోట్ల ఏళ్లు.

1980ల మొదట్లో భారత్, సోవియట్ శాస్త్రవేత్తలు కలిసి అక్కడి ముడి ఖనిజాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి పరిశీలించారు. సీసపు ఖనిజం మధ్యలో, అప్పటిదాకా ఎవరూ నమోదు చేయని రేణువులు కనిపించాయి. సీసం, వెండి, థాలియం, యాంటిమొనీ, గంధకం కలిసిన కొత్త సల్ఫోసాల్ట్ అది. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీ జియాలజీ ప్రొఫెసర్ సంతోష్ కుమార్ రే గౌరవార్థం దానికి 'రేయైట్' అని పేరు పెట్టారు. 1983లో ఆ వివరాలు ప్రచురితమయ్యాయి.

రేయైట్‌లో వెండి ఎంత? వందకు ఆరు పాళ్లలోపే. అంటే దీన్ని తవ్వి ఎవరూ వెండి వ్యాపారం చేయలేరు. మరి ఎందుకంత ప్రాధాన్యం? దాని నిర్మాణం చూస్తే, వెండి సీసంలో ఎలా దాక్కుంటుందో తెలుస్తుంది.

వర్గీకరణ ఎలా చేస్తారు?

సల్ఫోసాల్టులను రంగును బట్టి వర్గీకరించరు. లోపల ఏ మూలకం ఎన్ని అణువులు ఉంది, అవి ఏ వరసలో పేర్చి ఉన్నాయి అన్నదే అసలు లెక్క. అంతర్జాతీయ ఖనిజశాస్త్ర సంఘం తరఫున నిపుణులు 2008లో ఈ కుటుంబం మొత్తాన్ని మళ్లీ సమీక్షించి, వరసలు కట్టారు.

రేయైట్‌నే ఉదాహరణగా తీసుకుందాం. దీనికి దగ్గరి బంధువు సెమ్సెయైట్ అనే ఖనిజం. అందులో 9 సీసం అణువులు, 8 యాంటిమొనీ, 21 గంధకం అణువులు ఉంటాయి. రేయైట్‌లో యాంటిమొనీ, గంధకం లెక్క అలాగే ఉంటుంది. సీసం మాత్రం 9 నుంచి 8కి తగ్గుతుంది. పోయిన ఒక్క సీసం స్థానంలో రెండు అణువులు వచ్చి చేరతాయి. అవి వెండి కావచ్చు, థాలియం కావచ్చు.

ఒకటి పోతే రెండెందుకు? విద్యుదావేశం లెక్క సరిపోవాలి కాబట్టి. సీసానికి రెండు ఆవేశాలు, వెండికి ఒకటే. రెండు రూపాయల బిళ్ల ఇచ్చి రెండు రూపాయి బిళ్లలు తీసుకున్నట్టు అన్నమాట. ఈ చిల్లర మార్పిడి వల్లే సీసం ఉన్న చోట వెండి చడీచప్పుడు లేకుండా చేరిపోతుంది. సీసానికి ముఖ్యమైన ముడి ఖనిజం గెలీనా. అందులోకి కూడా వెండి, యాంటిమొనీ జంటగా వెళ్లి రెండు సీసం అణువుల స్థానంలో కూర్చుంటాయి.

మరి మన దేశపు వెండి ఎక్కడి నుంచి వస్తోంది?

ఇక్కడే అసలు విషయం ఉంది. భారత్‌లో తయారయ్యే వెండిలో దాదాపు అంతా రాజస్థాన్ సీసం-జింక్ గనుల నుంచే వస్తోంది. సీసాన్ని శుద్ధి చేస్తున్నప్పుడు వెండిని వేరు చేస్తారు. ఏడాదికి 700 టన్నులకు అటూఇటూ ఉంటుంది. మన వాడకం వేల టన్నుల్లో ఉండటంతో మిగతాది దిగుమతి చేసుకుంటున్నాం.

గద్వాల చీర సంగతే చూడండి. అసలైన జరీ అంటే సన్నటి వెండి తీగకు బంగారు పూత పూసిందే. వెండి ధర పెరిగితే ఆ భారం నేరుగా మగ్గం మీద పడుతుంది. గద్వాల, కొత్తకోట వైపు మగ్గాలు నడిపే కుటుంబాలకు ఈ ఖనిజాల కథ దూరం కాదు.

మన జిల్లాల్లో ఏ రాళ్లున్నాయి?

జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి విడిపోయాయి. కానీ మూడింటి కింద ఉన్న రాయి ఒకటి కాదు.

గద్వాల ప్రాంతం గుండా 'గద్వాల గ్రీన్‌స్టోన్ బెల్ట్' అనే పురాతన అగ్నిపర్వత శిలల పట్టీ సాగుతుంది. దీని వయసు 250 కోట్ల ఏళ్లకు పైమాటే. పక్కనే ఉన్న రాయచూరు జిల్లాలో హట్టి బంగారు గని ఉన్నది కూడా ఇలాంటి శిలల్లోనే. అందుకే బంగారం కోసం భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రకం పట్టీలను వెతుకుతారు. వనపర్తిలో ఎక్కువగా గ్రానైట్, నైస్ రాళ్లు కనిపిస్తాయి. పొలాల్లో తళుక్కుమనే అభ్రకం వీటి నుంచి వచ్చిందే. నాగర్‌కర్నూల్‌లోని నల్లమల మాత్రం కడప బేసిన్ అనే పొరల శిలల్లో భాగం.

తెలుగు నేలపై సీసం తవ్వింది ఆ కడప బేసిన్‌లోనే. పల్నాడు జిల్లా అగ్నిగుండాల దగ్గర బండ్లమోటు గనిని హిందుస్థాన్ జింక్ ఒకప్పుడు నడిపింది. ఇప్పుడది మూతపడింది. వెండి గని అంటూ మన మూడు జిల్లాల్లో ఏదీ లేదు. కాబట్టి మెరిసే రాయి చూపించి 'ఇక్కడ వెండి పడింది, భూమి అమ్మేయ్' అనో, 'పెట్టుబడి పెట్టు' అనో ఎవరైనా వస్తే ఆ మాట నమ్మొద్దు.

నాణేనికి రెండో వైపు

సల్ఫోసాల్టులు ఉన్న చోట వెండితో పాటు విషం కూడా ఉంటుంది. ఆర్సెనిక్, యాంటిమొనీ, సీసం, థాలియం అన్నీ ఒంటికి హాని చేసేవే. థాలియం అయితే ఒకప్పుడు ఎలుకల మందులో వాడిన పదార్థం. ఖనిజం భూమిలో కదలకుండా ఉన్నంతసేపు పెద్దగా ఇబ్బంది లేదు. తవ్వి, పొడి చేసి, మిగిలిన బురదను బయట పడేస్తే వానకు అది వాగుల్లోకి చేరే ప్రమాదం ఉంటుంది. అందుకే ఏ గనికైనా ముందు ఖనిజంలో వెండి ఎంత అన్నదే కాదు, దాని పక్కన ఏముంది అన్నదీ చూడాలి.

ఇది నల్లమల జనానికి కొత్త కాదు. అక్కడ యురేనియం తవ్వకాలు వద్దంటూ 2019 సెప్టెంబరులో రాష్ట్ర అసెంబ్లీ తీర్మానం చేసింది. మరోవైపు 2023లో కేంద్రం గనుల చట్టాన్ని సవరించి, లోతుల్లో ఉండే ఖనిజాల కోసం కొత్తగా అన్వేషణ లైసెన్సు తెచ్చింది. ఆ జాబితాలో బంగారం, వెండి, రాగి, సీసం, జింక్ ఉన్నాయి. రేపు ఏ ఊరి దగ్గర సర్వే జరిగినా, గ్రామసభలో అడగాల్సిన ప్రశ్నలు ఇవే.

రాయి దొరికితే ఏం చేయాలి?

ముందు చేత్తో బరువు చూడండి. తేలిగ్గా ఉండి, గోటితో గీకితే పొరలు పొరలుగా ఊడితే అది కాకిబంగారం, అంటే అభ్రకం. విలువ లేదు.

పసుపుగా మెరుస్తూ, ఇనుప మేకుతో గట్టిగా గీసినా గీత పడకపోతే పైరైట్ కావచ్చు. ఇది ఇనుము, గంధకం కలిసిన రాయి.

పాలిష్ లేని తెల్ల టైల్ వెనుక వైపు రాసి చూడండి. గెలీనా అయితే సీసం రంగు గీత పడుతుంది. సైజుకు మించిన బరువు ఉంటుంది, విరిస్తే చిన్న చిన్న ఘనాకారాలుగా విరుగుతుంది. రూబీ సిల్వర్ అయితే ఎర్రటి గీత వస్తుంది. అలాగని ఎర్ర గీత పడగానే సంబరపడొద్దు. మన దగ్గర దొరికే ఇనుప రాయి హెమటైట్ కూడా ఎర్ర గీతే ఇస్తుంది. తేడా ఏంటంటే స్ఫటికంగా ఉన్న హెమటైట్ గట్టిది, మేకుకు అంత తేలిగ్గా లొంగదు. రూబీ సిల్వర్‌పై రాగి బిళ్లతోనే గీత పడుతుంది.

ఒక్కటి మాత్రం అస్సలు చేయొద్దు. రాయిని పొయ్యిలో కాల్చి చూడొద్దు. వెల్లుల్లి వాసన వచ్చిందంటే ఆర్సెనిక్ పొగ బయటికి వచ్చినట్టే. అది ప్రాణానికే ప్రమాదం. రాయి పట్టుకున్న చేతులు కడుక్కోకుండా అన్నం తినడం కూడా మంచిది కాదు.

ఇంటి పరీక్షలతో తేలేది ఇంతవరకే. రేయైట్ లాంటి ఖనిజాన్ని కంటితో ఎవరూ గుర్తుపట్టలేరు. ఎలక్ట్రాన్ కిరణంతో ఒక్కో రేణువులో ఏ మూలకం ఎంత ఉందో కొలిచే యంత్రం కావాలి. అనుమానం ఉంటే రాయి ఎక్కడ దొరికిందో రాసిపెట్టుకుని, జిల్లా గనులు, భూగర్భ శాఖ అధికారులకు చూపించండి. హైదరాబాద్ బండ్లగూడలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయం కూడా ఉంది. సొంత పొలమే అయినా లీజు లేకుండా ఖనిజం తవ్వి అమ్మడం 1957 నాటి గనుల చట్టం ప్రకారం నేరం.

కాబట్టి ఈసారి దుక్కిలో ఏదైనా తళుక్కుమంటే సంతోషంగా తీసి చూడండి, తప్పులేదు. కానీ పక్కనే బరువుగా, మసి రంగులో పడి ఉన్న రాయిని కూడా ఒకసారి చేతిలోకి తీసుకోండి. వెండి ఉంటే గింటే అలాంటి దాంట్లోనే ఉంటుంది.