నూటికి 21... ఆ అంకె వెనక ఏముంది?

నలభై దాటాక మళ్లీ లెక్కల పుస్తకం పట్టుకుంటానని నేను కలలో కూడా అనుకోలేదు. పదో తరగతి లెక్కల్లో గట్టెక్కినందుకు అమ్మవారికి కొబ్బరికాయ కొట్టినదాన్ని! అలాంటిది ఇంట్లోనే ఉండి, ఫోన్లో, డిగ్రీ పిల్లలు మొదటి ఏడాది చదివే స్టాటిస్టిక్స్ కోర్సు పూర్తి చేశాను. ఎందుకంటారా? ఓ కాగితం మీదున్న చిన్న అంకె కోసం.

మా పుట్టిల్లు వజ్రపుకొత్తూరు మండలం. అత్తవారిది టెక్కలి. ప్రస్తుతం పలాసలో ఉంటున్నాం. నేనో జీడిపప్పు కొట్లో పద్దులు రాస్తాను. ఆమధ్య మా ఊళ్లో జరిపిన వైద్య శిబిరంలో అమ్మకు రక్తపరీక్ష చేశారు. క్రియాటినిన్ 1.3 అని వచ్చింది. ఆడవాళ్లకు మామూలుగా 1.1 లోపు ఉండాలట. ఇంకేముంది, ఇంటిల్లిపాదీ ఏడుపులు. “ఉద్దానంలో ఇంటికొకరికి ఉన్నదే కదే” అంది పిన్ని. అమ్మేమో “నాకేటి అయిపోనాది? బాగానే ఉన్నాను. ఇంక ఈ పరీక్షలొద్దు, సూదులొద్దు” అని మొండికేసింది.

ఉద్దానంలో నూటికి 21 మందికి కిడ్నీ జబ్బు ఉందని ఎక్కడో చదివాను. పిన్ని ఇంటికొకరంటోంది, కాగితం నూటికి 21 అంటోంది. అమ్మ రిపోర్టు 1.3 అంటోంది. ఏది నమ్మాలి? ఎంత భయపడాలి? చెప్పేవాళ్లు లేరు. డిగ్రీ చదివే మా అమ్మాయి “స్వయంలో చేరమ్మా, ఫీజు కూడా లేదు” అంది. 2017లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఆన్‌లైన్ చదువుల వేదిక అది. చేరిపోయాను.

ఒక్క మెతుకు చాలా?

మొదటి వారం పదికి నాలుగు మార్కులు. పాఠాలన్నీ ఇంగ్లీషు. ఆపి ఆపి, వెనక్కి తిప్పి మూడుసార్లు వినేదాన్ని. శాంపిల్ పాఠం దగ్గరకొచ్చేసరికి నవ్వొచ్చింది. ఇది మనకు తెలిసిందే! అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం. కానీ గిన్నె అడుగున మాడి, పైన పలుకుగా ఉంటే? ఒక్క మెతుకు అబద్ధం చెబుతుంది. అందుకే తెలిసిన వ్యాపారి జీడిగింజల బస్తాలో పైనున్న గింజలే చూడడు. నడుమ, అడుగున కూడా చెయ్యి పెట్టి తీస్తాడు.

నూటికి 21 అన్న అంకె కథ అప్పుడు వెతికాను. 2020లో వెలువడిన ఆ అధ్యయనంలో 67 గ్రామాల్లో 2,402 మందిని పరీక్షిస్తే 506 మందిలో జబ్బు లక్షణాలు కనిపించాయి. అంటే నూటికి 79 మందిలో కనిపించలేదు! 21 చిన్న అంకె కాదు, ఊళ్లు తల్లడిల్లే అంకే. కానీ మా పిన్ని లెక్క ఆసుపత్రిలో చూసినవాళ్లది. డయాలసిస్ గది ముందు కూర్చుని లెక్కపెడితే లోకమంతా రోగులే కనిపిస్తారు.

సగటు చేసే మోసం

జీడిపప్పు తొక్క తీసే తొమ్మిదిమందికి రోజుకు 300 చొప్పున, యజమానికి 5,000 వస్తుందనుకోండి. పదిమంది సగటు 770 రూపాయలు. ఆ డబ్బు ఏ ఆడమనిషి కొంగులోనూ లేదు! వరసలో నిలబెట్టి నడిమి మనిషిని అడిగితే 300 అంటుంది. దాన్నే మధ్యగతం అంటారు. ఎవరైనా సగటు చెబితే నడిమి మనిషి సంగతేమిటని అడగాలని అప్పుడే నేర్చుకున్నాను.

ఒక్క అంకెతో తీర్పు వద్దు

కొలిచిన ప్రతిదీ కొంచెం అటూ ఇటూ ఊగుతుంది. మా కొట్లో 240 రకం పప్పు అంటే పౌను తూకానికి 220 నుంచి 240 దాకా పప్పులు తూగాలి. ఖచ్చితంగా ఇన్నేనని ఎవరూ పట్టుబట్టరు. ఒంట్లో కొలతలూ అంతే. అందుకే సాధారణంగా ఒక్క పరీక్షతో దీర్ఘకాల కిడ్నీ జబ్బని తేల్చరు. మార్పు కనీసం మూడు నెలలు నిలిచి ఉండాలి. ఈ మాట అమ్మకు చెప్పి, బతిమాలి, రెండోసారి పరీక్షకు ఒప్పించాను. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి కనుక దూరాభారం లేదు.

మూడు నెలల తరవాత 1.2 వచ్చింది. భయం తీరిపోలేదు. వయసును కూడా లెక్కలోకి తీసుకుని చూడాలన్నారు డాక్టరు. సొంతంగా నొప్పి మాత్రలు మింగొద్దని, మూడు నెలలకోసారి రమ్మని చెప్పారు. “అయితే మూడు నెల్లకోపాలి పలాస బజారు సూసొచ్చినట్టే” అంది అమ్మ. ఏడ్చినవాళ్లమే నవ్వాం.

తోడున్నదల్లా కారణం కాదు

నీళ్లే కారణమని ఒకరు, పురుగుమందులని ఇంకొకరు, ఎండలో పనని మరొకరు. రెండు విషయాలు కలిసి కనిపిస్తే ఒకదానివల్లే రెండోది వచ్చిందని కాదు. అవే నీళ్లు తాగి జబ్బు రానివాళ్లనూ పక్కన పెట్టి పోల్చాలి. ఉద్దానం జబ్బుకు ఇదీ కారణమని ఇంతవరకూ తేలలేదు. తేలేదాకా మా ఊరి ఆడపిల్లల సంబంధాలు వెనక్కి పంపేవాళ్లకు నేనిప్పుడు జవాబు చెప్పగలను.

నాలుగింటికి వెలిగే దీపం

మనకు ఇంటిపనంతా అయ్యేసరికి ఒళ్లు అలిసిపోతుంది. అందుకే నేను తెల్లవారుజామున నాలుగింటికి లేచి పాఠాలు వినేదాన్ని. ప్రపంచం మెచ్చిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావుగారు మన తెలుగువారే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివారు. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకుని, ఆ ఏడాది ఆగస్టులోనే 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. చిన్నప్పుడు ఆయన్ను వాళ్లమ్మగారు రోజూ నాలుగింటికి లేపి, నూనెదీపం వెలిగించి చదివించేవారట. ఆ సంగతి తెలిశాక నా నిద్రమత్తు వదిలిపోయింది.

చివరి పరీక్షలో నాకు 58 మార్కులొచ్చాయి. గొప్పేం కాదు. మీరూ చేరాలనుకుంటే పాఠాలు వినడానికి ఫీజు లేదు. సర్టిఫికెట్టు కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి. కూడికలు, భాగాహారాలు, శాతాలు వస్తే మొదలుపెట్టొచ్చు. కోర్సులో చేరకపోయినా ఫర్వాలేదు. ఎవరైనా ఓ అంకె చెప్పి భయపెడితే మూడు ప్రశ్నలు అడగండి: ఎంతమందిలో? ఎవరిని ఎంచుకున్నారు? ఎన్నిసార్లు కొలిచారు?

మా అమ్మ కూడా ఇప్పుడు ఇరుగుపొరుగును అదే అడుగుతోంది!