నేత ఇండ్లలో ఇంటర్నెట్ టెలిఫోను: గేట్‌వే పెట్టె అమర్చుకొను విధము

మగ్గము ఎంత బాగుగా ఆడినను, నేసిన సరకునకు గిరాకీ తెచ్చునది కబురు. నూలు ధర, పట్టు ధర, జరీ ధర, పెండ్లి ముహూర్తములకు షావుకారులు కోరు రంగులు, ఇవన్నియు నేడు టెలిఫోనుమీదనే నడచుచున్నవి. అయితే కొన్నిచోట్ల సంఘమునకు రావలసిన కబుర్లన్నియు ఒక్క కార్యదర్శి సెల్‌ఫోనుకే వచ్చుచున్నవి. కార్యదర్శి మారిననాడు నంబరు మారును. నంబరుతోపాటు కొనువారును చెదరిపోవుదురు. సంఘమునకు దాని పేరుమీదనే ఒక స్థిరమైన నంబరు, మగ్గముల చప్పుడులోనైనను వినబడు గంటగల ఒక టెలిఫోను ఉండుట వ్యాపారమునకు క్షేమము.

పూర్వము ఇట్టి టెలిఫోను రాగి తీగెపై వచ్చెడిది. నేడు చాలచోట్ల ఫైబరు తీగెపై, ఇంటర్నెట్ పద్ధతిని వచ్చుచున్నది. ఈ మార్పువల్ల, టెలిఫోను శాఖవారు తమ ఎక్స్ఛేంజిలో చూచుకొనెడి కొన్ని పనులు మన ఇంటి గోడమీదికి వచ్చిపడినవి. అవి ఏవి, వాటిని మనము ఎట్లు నెరవేర్చుకొనవలెను అను విషయము చేనేత కుటుంబములవారు తెలిసికొనుట అవసరము.

సరిహద్దు గ్రామముల పరిస్థితి

తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని క్యాతగానచెర్లు గ్రామమును ఉదాహరణగా తీసికొందము. పావగడ తాలూకా కర్ణాటకములోనిదే అయినను, దానిచుట్టు చాల మేరకు ఆంధ్రప్రదేశ్ భూమియే ఉన్నది. ఇండ్లలో తెలుగు, కచేరీలో కన్నడము. హిందూపురము, మడకశిర, పట్టుచీరలకు పేరుపడిన ధర్మవరము, ఇవన్నియు పొరుగు రాష్ట్రమునవి. ఇట్టి ఊరిలో ఒక మగ్గము ఉన్నదనుకొన్నచో, దానికి పట్టు ఒక రాష్ట్రమునుండి, బేరము మరొక రాష్ట్రమునుండి రావచ్చును.

టెలిఫోను లెక్కలోను ఈ ఊళ్ళు వేరువేరు. పావగడ కోడు 08136, హిందూపురము కోడు 08556, ధర్మవరము కోడు 08559. మన దేశమున 1960 నవంబరు 26వ తేదీన కాన్పూరు, లక్నో నగరముల మధ్య ఎస్.టి.డి. మొదలైనది. అంతవరకు దూరపు ఊరితో మాటాడవలెనన్న ట్రంకు కాల్ బుక్ చేసి కాచుకొనవలసినదే. ఎస్.టి.డి. వచ్చిన తరువాత కూడ చాలకాలము దూరమునుబట్టి రుసుము ఉండెను. ఇంటర్నెట్ టెలిఫోనులో మాట ప్రయాణించు దారికి ఊరి సరిహద్దుగాని, రాష్ట్ర సరిహద్దుగాని పట్టింపు లేదు. సరిహద్దు గ్రామములవారికి ఇదియే ముఖ్యమైన లాభము.

మాట ఎట్లు పోవును?

గేట్‌వే అనునది ఒక చిన్న పెట్టె. ఒక ప్రక్క మామూలు టెలిఫోను తగిలించెదరు. మరొక ప్రక్క ఇంటర్నెట్ తీగె తగిలించెదరు. ఫోనులో పలికిన మాటను అది సెకండుకు 8,000 మార్లు కొలిచి, ప్రతి కొలతను అంకెగా మార్చును. జకార్డు అట్టలో రంధ్రము ఉన్నచోట పోగు లేచుట, లేనిచోట లేవకుండుట మన నేతగాండ్రు ఎరిగినదే. ఈ అంకెలును అట్లే, ఉన్నది, లేదు అను రెండు గుర్తులతోనే వ్రాయబడును.

ఇట్లు వచ్చిన అంకెలను సెకండులో యాబదవ వంతుకు ఒకటి చొప్పున ప్యాకెట్లుగా కట్టి, ప్రతిదానికి వరుస సంఖ్య వేసి పంపును. అనగా సెకండుకు 50 ప్యాకెట్లు. అవతలి కొనయందలి యంత్రము వాటిని వరుసలో పేర్చి తిరిగి మాటగా మార్చును. పేక పోగులు వరుస తప్పినచో గుడ్డ ఎట్లు చెడునో, ప్యాకెట్లు తప్పిపోయినను, మరీ ఆలస్యముగా వచ్చినను మాట అట్లే తునియలగును. మాట ఒక కొననుండి రెండవ కొనకు 150 మిల్లీ సెకండ్లలోపల చేరినచో సంభాషణ సుఖముగా సాగును.

ఇంటర్నెట్‌మీద మాటాడుటకు మొదటి వ్యాపార సాధనమును 1995లో ఇజ్రాయెలు దేశపు వోకల్‌టెక్ కంపెనీ విడుదల చేసినది. మన దేశమున 2002 ఏప్రిల్ 1వ తేదీనుండి ఇంటర్నెట్ కంపెనీలకు పరిమితముగా అనుమతి లభించినది. లైసెన్సుగల కంపెనీలు ఇంటర్నెట్ ద్వారా మామూలు ఫోను నంబర్లకు కలుపుటకు 2018లో దారి ఏర్పడినది. నేడు ఫైబరు కనెక్షనుతో ఇచ్చు తెల్లపెట్టెలో ఫోను గుర్తుతో ఉండు రంధ్రము ఇట్టి గేట్‌వేయే. పేరు తెలియకపోయినను చాలమంది ఇండ్లలో ఇది ఇదివరకే ఉన్నది.

పెట్టెను ఎక్కడ ఉంచవలెను?

గోడపై, పొడి స్థలములో, పిల్లలకు అందని ఎత్తున ఉంచవలెను. అద్దకపు తొట్టిల ఆవిరి తగులరాదు. నూలు ధూళి పెట్టె గాలి రంధ్రములను మూయును. వారమునకొకమారు పొడిగుడ్డతో తుడువవలెను. మగ్గపు చట్రమునకు బిగింపరాదు, అదరుచుండుటవల్ల తీగెలు వదులగును.

ఫైబరు తీగె లోపల గాజుపోగు ఉన్నది. దానిని గట్టిగా మడువరాదు, చిన్న చుట్టగా చుట్టరాదు. ఊడిన ఫైబరు కొనను కంటికెదురుగా పెట్టి చూడరాదు. అందుండి వచ్చు కాంతి కనబడకున్నను కంటికి హాని చేయును.

విడిగా కొనిన గేట్‌వేలలో రెండు విధములైన ఫోను రంధ్రములు ఉండవచ్చును. ఎఫ్.ఎక్స్.ఎస్. అని వ్రాసినది మన టెలిఫోను తగిలించుటకు. ఎఫ్.ఎక్స్.ఓ. అని వ్రాసినది ఎక్స్ఛేంజినుండి వచ్చు పాత రాగి తీగె తగిలించుటకు. ఈ రెండింటిని తారుమారు చేసినచో పెట్టె చెడిపోవచ్చును. ఇంటిలో పాత ఫోను తీగెలు ఉన్నచో, బయటినుండి వచ్చు రాగి తీగెను ముందుగా విడదీసి, తరువాతనే వాటిని ఎఫ్.ఎక్స్.ఎస్. రంధ్రమునకు కలుపవలెను.

కరెంటు సంగతి

పాత రాగి తీగెలో ఎక్స్ఛేంజివారి బ్యాటరీలనుండి 48 వోల్టుల కరెంటు వచ్చుచుండెను. ఇంటిలో దీపములు ఆరిపోయినను టెలిఫోను పలికెడిది. ఫైబరు తీగెలో కరెంటు రాదు. ఇంటిలో కరెంటు పోయినచో పెట్టె ఆరును, దానితో టెలిఫోనును మూగబోవును. క్యాతగానచెర్లుతో సహా నాగలమడిక ప్రాంతపు ఐదు గ్రామములలో, సుమారు 13,000 ఎకరములలో, 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ క్షేత్రము ఉన్నది; అది 2018 మార్చిలో ప్రారంభింపబడినది. అంతటి క్షేత్రము ప్రక్కన ఉన్న ఇంటిలోనైనను, తీగె తెగిన పూట గేట్‌వేను నిలుపునది ఇంటిలోని చిన్న బ్యాటరీ మాత్రమే.

దీని లెక్క సులభము. పెట్టె 12 వాట్లు తీసికొనుననుకొందము. 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల బ్యాటరీలో 84 వాట్-గంటల శక్తి ఉండును. బ్యాటరీ ఎక్కువకాలము మన్నవలెనన్న సగము మాత్రమే వాడవలెను. 42ను 12తో భాగించగా మూడున్నర గంటలు వచ్చును. ఫైబరు పెట్టె, గేట్‌వే వేరువేరుగా ఉన్నచో రెండింటికిని బ్యాటరీ కావలెను. ఒకదానికే పెట్టుట నిరుపయోగము. బ్యాటరీ వోల్టులు పెట్టె అడుగున వ్రాసిన వోల్టులతో సరిపోవలెను.

అమరిక క్రమము

ఫైబరు కంపెనీవారే నంబరుతోసహా ఇచ్చిన పెట్టెలో అమరికను వారే చేసెదరు. విడిగా గేట్‌వే కొని, లైసెన్సుగల కంపెనీవద్ద నంబరు తీసికొన్నవారు ఈ క్రమమును అనుసరింపవచ్చును.

మొదటిది: కంప్యూటరును గేట్‌వేకు కలిపి, పెట్టెపై ముద్రించిన చిరునామాతో దాని పేజీని తెరువవలెను. అన్నిటికంటె ముందు పెట్టెతో వచ్చిన పాస్‌వర్డు మార్చవలెను. ఫ్యాక్టరీవారు వేసిన పాస్‌వర్డు దొంగలందరికి తెలిసినదే. దానిని మార్చనిచో, ఎవరో రాత్రివేళ మన నంబరునుండి విదేశములకు కాల్స్ చేయుదురు. బిల్లు మనకు వచ్చును. విదేశీ కాల్స్ అవసరము లేనివారు వాటిని నిలిపివేయుమని కంపెనీకి ముందే వ్రాసి ఇచ్చుట మంచిది.

రెండవది: కంపెనీవారిచ్చిన సర్వరు పేరు, యూజరు పేరు, పాస్‌వర్డు నింపవలెను. పోర్టు సంఖ్య సాధారణముగా 5060. అన్నియు సరిగానున్నచో ఫోను దీపము నిలుకడగా వెలుగును. రిసీవరు ఎత్తినచో డయల్ టోను వినబడును.

మూడవది: మాటను అంకెలుగా మార్చు పద్ధతి. జి.711 ఎ-లా అనునది మన దేశమున వాడుకలోనున్నది; మాట స్పష్టముగా ఉండును. ఒక్కొక్క సంభాషణకు పోకకు, రాకకు సుమారు 87 కిలోబిట్లు చొప్పున కావలెను. కనెక్షను బలహీనముగా ఉన్నచో జి.729 ఎన్నుకొనవచ్చును, దానికి సుమారు 31 కిలోబిట్లు చాలును. చీరల ఫోటోలు, వీడియోలు పంపుచున్న సమయమున మాట తునియలగుచున్నచో, రౌటరులో మాట ప్యాకెట్లకు మొదటి స్థానము ఇచ్చు ఏర్పాటు చేయవలెను.

నాలుగవది: అంకెల వరుస. 2021 జనవరి 15వ తేదీనుండి ల్యాండ్‌లైను ఫోనునుండి సెల్‌ఫోనుకు చేయునపుడు ముందు 0 చేర్చవలెను. అట్లు సెల్ నంబరు 11 అంకెలగును. 0తో కూడిన ఎస్.టి.డి. నంబరును 11 అంకెలే. కనుక 0తో మొదలై 11 అంకెలు పూర్తికాగానే పంపునట్లును, పావగడ స్థానిక నంబర్లు 6 అంకెలకును, 112 మూడు అంకెలకును పంపునట్లును వ్రాయవలెను. ఇట్లు చేయనిచో ప్రతి కాల్‌కు కొన్ని సెకండ్లు ఊరక కాచుకొనవలసివచ్చును.

ఐదవది: బ్యాంకువారు ఒకటి నొక్కుడు, రెండు నొక్కుడు అన్నపుడు మన అంకెలు వారికి చేరకున్నచో, డి.టి.ఎం.ఎఫ్. అనుచోట 2833 అను పద్ధతిని ఎన్నుకొనవలెను. తిరుగుడు చక్రముగల పాత ఫోనులు కొన్ని గేట్‌వేలతో పనిచేయవు. బొత్తాముల ఫోను వాడుట మేలు.

తరచు వచ్చు లోపములు

డయల్ టోను లేనిచో కరెంటు, తీగెలు చూడవలెను. టోను ఉండి కాల్ పోనిచో యూజరు పేరు, పాస్‌వర్డు సరిచూడవలెను. మన మాట వారికి వినబడి, వారి మాట మనకు వినబడనిచో, లోపము ఫోనుది కాదు. రౌటరు ప్యాకెట్లను లోపలికి రానీయకున్నది. కాల్ కలిసిన 32 సెకండ్లకు ప్రతిమారును తెగిపోవుచున్నచో, రౌటరులో సిప్ ఎ.ఎల్.జి. అను ఏర్పాటును నిలిపి చూడవలెను. చాలసార్లు దీనితోనే బాగగును.

ఆపదలో 112కు ఫోను చేయునపుడు ముందుగా ఊరు, తాలూకా, రాష్ట్రము పేర్లు చెప్పవలెను. ఇంటర్నెట్ నంబరునుబట్టి మనమున్న చోటు అవతలివారికి సరిగా తెలియకపోవచ్చును. సరిహద్దు గ్రామములవారు ఇది మరువరాదు.

అద్దె ఆశకు లొంగరాదు

పని తక్కువగా ఉండు నెలలలో పరాయివారు కొందరు ఇంటికి వచ్చి, “ఈ పెట్టెను మీ ఇంట ఉంచుడు, ఇంటర్నెట్ మీరు ఇయ్యుడు, నెలనెలా అద్దె ఇచ్చెదము” అని చెప్పవచ్చును. ఆ పెట్టెలో అనేక సిమ్ కార్డులు ఉండును. విదేశములనుండి ఇంటర్నెట్ ద్వారా వచ్చు కాల్స్‌ను స్థానిక కాల్స్‌వలె మార్చుటకు అట్టి పెట్టెలను వాడుదురు. మోసగాండ్ర కాల్స్‌ను ఈ దారినే వచ్చును. అనుమతి లేక టెలికాం సేవ నడపినవారికి 2023 టెలికమ్యూనికేషన్ల చట్టమునందు మూడు సంవత్సరములవరకు జైలు, లేక రెండు కోట్ల రూపాయలవరకు జరిమానా, లేక రెండును అని వ్రాయబడియున్నది. పోలీసులు ముందు వచ్చునది పెట్టె ఉన్న ఇంటికే. మోసపోయి డబ్బు పోగొట్టుకొన్నవారు వెంటనే 1930 నంబరుకు తెలుపవలెను.

సంఘములు చేయదగిన పని

ప్రతి సంఘమును టెలిఫోను నంబరును వ్యక్తి పేర కాక సంఘము పేర తీసికొనవలెను. యూజరు పేరు, పాస్‌వర్డు, కంపెనీ సేవా నంబరు, బ్యాటరీ కొన్న తేదీ ఒక కాగితముపై వ్రాసి రికార్డులతో బీరువాలో భద్రపరచవలెను, గోడపై అంటింపరాదు. చదువుకొన్న యువతీయువకులలో ఇద్దరికి ఈ అమరిక నేర్పవలెను. ఒకరు ఊరిలో లేనపుడు రెండవవారు చూతురు. నెలకొకమారు మెయిను స్విచ్చి ఆపి, బ్యాటరీమీద ఎంతసేపు ఫోను పలుకునో పరీక్షించి, ఆ తేదీని పుస్తకములో వ్రాయవలెను. పెండ్లి ముహూర్తముల నెలకు ముందుగా ఈ పరీక్ష తప్పక జరుపవలెను. ఆ నెలలో మూగబోయిన టెలిఫోను మరొక ఊరి మగ్గమునకు పని పంపును.